ఆఫీసులో పాడ్ కొనేముందు బయట నిలబడి వినండి

మళ్లీ పొడుగు పోస్టే. ఓపిక ఉన్నవాళ్లు ఇప్పుడే చదవండి, లేనివాళ్లు ఆదివారానికి దాచుకోండి.

పోయిన వారం మన సంఘం గ్రూపులో హెచ్ఎస్ఆర్ లేఅవుట్ తమ్ముడు ఒక ప్రశ్న వేశాడు. ఈ మధ్యే సొంత కంపెనీ పెట్టాడు, నలభై మంది ఉన్నారు, అంతా ఒకటే హాలు. "అన్నా, ఒకరి ఫోను ఇంకొకరి చెవిలో మోగుతోంది. ఫోన్ పాడ్ ఒకటో రెండో కొందామనుకుంటున్నాం. ఏది మంచిది?" అని. ఆ రాత్రికే పదకొండు జవాబులు వచ్చాయి. ఒకరు ఫారిన్‌ది కొనమన్నారు. ఒకరు "మా కార్పెంటర్ ప్లైవుడ్డు, ఫోము పెట్టి పావు ధరకి చేసిస్తాడు" అన్నారు. జయనగర్ అక్క "అందరికీ హెడ్‌ఫోన్లు కొనిపెట్టు, పీడా పోతుంది" అంది. మన పెద్దాయన ఒకరు "మా రోజుల్లో టైపు మిషన్ల మధ్య కూర్చుని పని చేశాం, ఇప్పటి పిల్లలకి అన్నీ సుకుమారాలే" అని ముగించారు. నేనూ జవాబు రాయడం మొదలుపెట్టి, ఫోను తెర నాలుగుసార్లు నిండాక ఆపేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నాకు ఏ పాడ్ కంపెనీతోనూ సంబంధం లేదు. పంతొమ్మిదేళ్లుగా బెంగళూరు ఆఫీసుల్లో అడ్మిన్ పని చేస్తున్నాను. కుర్చీలు, ఏసీలు, కాఫీ మిషన్లు, లిఫ్టు గొడవలు, అన్నీ నావే. ఇప్పటిదాకా నాలుగు పాడ్‌లు కొన్నాను. మొదటి రెండూ తప్పు కొనుగోలు. ఆ తప్పుకి డబ్బు కంపెనీ కట్టింది. పరువు మాత్రం ఒక ఆడపిల్లది పోయింది. ఆ సంగతి చెప్పకుండా డెసిబెళ్ల లెక్కలు చెబితే మీకు ఎక్కదు, అందుకే ముందు అదే చెబుతాను.

2022లో అందరూ ఇళ్ల నుంచి ఆఫీసుకి తిరిగొచ్చారు. మనుషులు కోవిడ్ ముందుకంటే తక్కువే. గోల మాత్రం రెండింతలైంది. ఎందుకా అని వారం రోజులు గమనించాను. ఇంతకుముందు మీటింగంటే నలుగురూ లేచి గదిలోకి వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని లాప్‌టాప్‌తో మాట్లాడుతున్నారు. పక్కపక్కనే ఉన్న ఇద్దరు ఒకే మీటింగులో ఉండి, ఒకరి మాట ఇంకొకరికి నేరుగా ఒకసారి, మైకులోంచి ఇంకోసారి వినపడటం కూడా చూశాను. పాడ్‌లు కావాలన్నారు. మూడు కంపెనీలు వచ్చి చూపించాయి. ఒకదాని బ్రోచర్లో "సౌండ్‌ప్రూఫ్, 35 డెసిబెల్స్" అని పెద్దక్షరాల్లో ఉంది. చూడటానికి ముచ్చటగా ఉంది, లోపల పచ్చరంగు గుడ్డ, చిన్న దీపం. సంతకం నేనే పెట్టాను.

మూడో నెలలో అనుకుంటాను, మదనపల్లి వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇంటి నుంచి ఫోనొస్తే పాడ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. నాన్న ఆరోగ్యం, ఆస్పత్రి ఖర్చు, అప్పు ఎవరిని అడగాలి, ఏ చేను అమ్మాలి, అమ్మితే అన్న ఏమంటాడు, ఇవీ మాటలు. మధ్యాహ్నం భోజనాల దగ్గర బళ్లారి నుంచి వచ్చిన కుర్రాడొకడు, చాలా మంచివాడు, "నాన్నగారికి ఎట్లుంది మేడమ్? డబ్బు ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నాడు, శుభ్రమైన తెలుగులో. ఆ అమ్మాయి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. అతను పాడ్ పక్క వరసలో కూర్చుంటాడు. అతనికి వినపడిందంటే ఆ వరసలో ఆరుగురికీ వినపడింది. అందులో ఒకాయన ఆమె మేనేజరు.

ఆ తర్వాత ఆమె ఆ పాడ్ గడప తొక్కలేదు. ఇంటి ఫోనొస్తే ఫైర్ మెట్ల మీదకి వెళ్లి, రెండంతస్తులు దిగి, అక్కడ నిలబడి మాట్లాడేది. నేను చూశాను. చూసి చాలా రోజులు ఏమీ చేయలేదు, అదీ ఒప్పుకోవాలి.

మనలో చాలామందికి ఒక భ్రమ ఉంది. ఆఫీసులో తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అని. జర్మనీలో ఉన్నవాళ్లు అనుకుంటే సరే. బెంగళూరులో కూర్చుని ఎలా అనుకుంటామండీ? బళ్లారి వాళ్లకి వచ్చు, కోలారు వాళ్లకి వచ్చు, పావగడ, బాగేపల్లి వాళ్లకైతే ఇంట్లోనే తెలుగు. హోసూరు నుంచి రోజూ వచ్చేవాళ్లకి వచ్చు. కన్నడ రాజ్‌కుమార్ సినిమాలతోపాటు ఎన్టీఆర్ సినిమాలు చూసి పెరిగిన కన్నడ పెద్దలకి వచ్చు. మాట్లాడలేకపోవచ్చు, అర్థం మాత్రం అవుతుంది. ఈ ఊళ్లో తెలుగు మనకి తలుపు కాదు, దోమతెర. చెన్నైలో ఉన్న మన వాళ్లు, బరంపురం వాళ్లు, షోలాపూర్ వాళ్లు కూడా ఇది చదివి తల ఊపుతుంటారని నాకు తెలుసు.

అసలు ఈ పాడ్ మనకి కొత్త కాదు. పసుప్పచ్చ బోర్డు మీద నల్ల అక్షరాల ఎస్టీడీ బూతు గుర్తుందా? గాజు తలుపు, లోపల చిన్న ఫ్యాను, నెత్తిమీద బల్బు, ఎర్రంకెలు పరిగెత్తే మీటరు. పొద్దుపోయాక పావు రేటు కోసం బయట క్యూ. లోపల ఒకాయన కూతురి పెళ్లి సంబంధం గురించి అరుస్తుంటే క్యూలో అందరికీ కట్నం ఎంతో తెలిసిపోయేది. ట్రంకు కాల్ రోజుల నుంచి మనకి దూరం పెరిగిన కొద్దీ గొంతు పెరగడం అలవాటు. నేను 2022లో లక్షలు పోసి కొన్నది ఆ బూతునే, కాస్త మంచి గుడ్డ అతికించి.

ఇక అసలు విషయం. నా అభిప్రాయం ఒక్కటే. పాడ్ కొనేది లోపల కూర్చున్నవాడికి ప్రశాంతత కోసం అని అందరూ అనుకుంటారు, అమ్మేవాళ్లు కూడా అలాగే చూపిస్తారు. మిమ్మల్ని లోపల కూర్చోబెట్టి తలుపు మూసి "చూశారా సార్, ఎంత నిశ్శబ్దంగా ఉందో" అంటారు. ఆ పరీక్షకి లొంగకండి. మీరు బయట నిలబడాలి. లోపలి మాట బయటికి వస్తోందా లేదా అన్నదే పాడ్ పని. అది చేయలేనిది ఎంత అందంగా ఉన్నా బీరువాతో సమానం.

మరి ఆ "35 డెసిబెల్స్" ఏమైంది? అడిగాను. వారం తిప్పి తిప్పి చెప్పారు. అది గాజు పలక అంకె. ల్యాబులో ఒక గోడకి గాజుని చుట్టూ సీలు చేసి బిగించి కొలిచినది. పాడ్ అంటే గాజొక్కటే కాదు కదా. తలుపుంటుంది, తలుపు కింద సందు ఉంటుంది, పైన గాలి పోయే రంధ్రం ఉంటుంది, వైరు దూరే కన్నం ఉంటుంది. గాలి పోయే చోటల్లా మాట పోతుంది. కుండ ఎంత మందంగా ఉంటే ఏం, అడుగున చిల్లు ఉంటే!

మొత్తం పాడ్‌ని కలిపి కొలిచే పద్ధతి ఒకటుంది. ఐఎస్ఓ 23351-1 అంటారు, 2020లో వచ్చింది. కష్టమేమీ కాదు. శబ్దం బాగా ప్రతిధ్వనించే ల్యాబు గదిలో ముందు స్పీకరు పెట్టి ఎంత శబ్దం వస్తోందో కొలుస్తారు. తర్వాత అదే స్పీకరుని పాడ్ లోపల పెట్టి, తలుపు మూసి, మళ్లీ బయట కొలుస్తారు. రెండింటి తేడాని మనిషి మాటలో ఉండే స్వరాలకి తగ్గట్టు లెక్కగట్టి ఒకే అంకెగా చెబుతారు. మాట ఎంత తగ్గింది అన్నమాట. 33 దాటితే ఏ ప్లస్, 30 నుంచి 33 దాకా ఏ, 25 నుంచి 30 బీ, 20 నుంచి 25 సీ, 15 నుంచి 20 డీ. తమ్ముడూ, నువ్వు అమ్మేవాడిని అడగాల్సిన మొదటి మాట ఇదే: ఈ మోడల్‌కి, దీని తమ్ముడికి కాదు, ఆ టెస్టు రిపోర్టు ఉందా? లేదంటే కాఫీ ఇచ్చి పంపించెయ్యి.

అంకె అర్థమవడానికి ఒక లెక్క. మామూలుగా మాట్లాడితే మీటరు దూరంలో 60 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. 25 తగ్గించే పాడ్ అయితే బయటికి 35 వస్తుంది. ఏసీ హోరు, కీబోర్డుల చప్పుడు కలిసి హాల్లో 40, 45 ఉంటుంది కాబట్టి ఆ మాట అందులో కలిసిపోతుంది. గొణుగు వినపడొచ్చు, పదాలు దొరకవు. మనకి కావలసింది అదే. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగం తగ్గినట్టు ఉంటుంది, కాబట్టి 15 పాడ్‌కీ 25 పాడ్‌కీ తేడా చిన్నది కాదు. ఇందులో ఒక తిరకాసు ఉంది. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉంటే పాడ్ అంత గట్టిది కావాలి, కప్పడానికి హోరు ఉండదు కనక. సాయంత్రం ఏడు తర్వాత ఏసీ ఆపేస్తే పగలు పనికొచ్చిన పాడ్ అప్పుడు పనికిరాదు. పైగా మనం వీడియో కాల్లో మామూలు గొంతుతో మాట్లాడం, పెంచుతాం. అందుకే నా లెక్కలో బీ కంటే తక్కువది వద్దు. జీతాలు, ఇంటర్వ్యూలు, ఇంటి కష్టాలు మాట్లాడుకునే చోటయితే ఏ తీసుకోండి.

ఇంకో మోసం, మోసం అనకూడదేమో, తెలియనితనం. "మా ఫోము ఎన్ఆర్‌సీ 0.9 సార్" అంటారు. ఎన్ఆర్‌సీ అంటే తగిలిన శబ్దాన్ని ఎంత పీల్చుకుంటుంది అని, సున్నా నుంచి ఒకటి దాకా చెప్పే అంకె. పీల్చుకోవడం వేరు, ఆపడం వేరు. బొంత శబ్దాన్ని పీల్చుకుంటుంది, కానీ బొంత అడ్డం కట్టుకుని రహస్యాలు మాట్లాడం కదా. ఆపాలంటే బరువు కావాలి, సందు లేకుండా ఉండాలి. ఫోము వల్ల ఉపయోగం ఏమిటంటే, లోపల గొంతు బావిలోంచి వచ్చినట్టు మోగదు, అవతలివాళ్లకి మాట శుభ్రంగా వెళుతుంది. అదీ కావాలి, కానీ దీనికి బదులు అది కాదు. కార్పెంటరు చేసే పాడ్ మీద నా అనుమానం ఇక్కడే. ప్లైవుడ్డుకి లోపల ఫోము అతికిస్తే లోపల కూర్చున్నవాడికి చెవులు మూసుకున్నట్టు ఉంటుంది, వాడు భలే ఉందనుకుంటాడు, బయట అందరికీ వినపడుతూ ఉంటుంది. రెండు పొరల జిప్సం బోర్డు, మధ్యలో రాక్‌వూల్, తలుపు చుట్టూ రబ్బరు, కింద దిగే సీలు, ఇవన్నీ పెట్టి కార్పెంటరు కూడా బాగా చేయగలడు. అప్పుడు ధర పావు వంతు ఉండదు, పైగా గాలి సంగతి అతనికి తెలియదు.

గాలి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మొదటి రెండు పాడ్‌లు రెండోసారి తప్పింది ఇక్కడే. మాట బయటికి పోతోందని గొడవ చేస్తే వాళ్ల మనిషి వచ్చి రంధ్రాలకి టేపు వేసి, తలుపుకి ఇంకో రబ్బరు పట్టీ కొట్టి వెళ్లాడు. మాట తగ్గింది, నిజమే. పదిహేను నిమిషాలకి జనం చెమటలు కక్కుతూ బయటికి రావడం మొదలుపెట్టారు.

లెక్క చూడండి. ఒంటరి పాడ్ లోపల గాలి రెండు ఘనపు మీటర్లు, అంటే రెండు వేల లీటర్లు ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. పది నిమిషాలకి మూడు లీటర్లు. రెండు వేలలో మూడు అంటే పది లక్షల్లో 1500 వంతులు పెరిగినట్టు. బయటి గాలిలో ఉండేదే 420 చిల్లర. వెయ్యి దాటిందంటే గదిలో గాలి సరిగా మారట్లేదని గుర్తు. గాలి ఆడని పెట్టెలో పది నిమిషాలకే దానికి రెట్టింపు దగ్గర ఉంటాం. తల బరువెక్కడం, ఆవలింతలు, "మీటింగు బోరు కొట్టింది సార్" అనడం, సగం గాలి మహిమే. మనిషికి గంటకి 30 ఘనపు మీటర్ల గాలి మారితే ఆ పెరుగుదల 600 దగ్గర ఆగుతుంది. కాబట్టి రెండో ప్రశ్న: గంటకి ఎన్ని ఘనపు మీటర్లు? ఫ్యాను గట్టిగా తిరిగితే హోరు ఎంత? గాలి పోయే దారిలో మాట పోకుండా వంపులు తిప్పి లోపల ఫోము పెట్టారా? మంచి పాడ్‌కీ చవక పాడ్‌కీ అసలు తేడా ఈ వంపుల్లోనే ఉంది. గాలి పోవాలి, మాట పోకూడదు. ఖరీదు దానికే.

వేడి కూడా. కూర్చున్న మనిషి ఒంట్లోంచి పాతకాలం వంద వాట్ల బల్బంత వేడి వస్తుంది. లాప్‌టాప్ అదనం. పాడ్‌కి సొంత ఏసీ ఉండదు, హాలు గాలినే లాక్కుంటుంది. హాల్లో ఏసీ సరిగా తగలని మూల పెట్టారంటే ఏప్రిల్‌లో ఇడ్లీ పాత్రే. మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి: కరెంటు పోతే లైట్లు, కంప్యూటర్లు యూపీఎస్ మీద ఉంటాయి, పాడ్ ఫ్యాను మాత్రం మామూలు లైనుకి తగిలించి ఉంటుంది. మీటింగు నడుస్తూ ఉంటుంది, ఫ్యాను ఆగి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పి యూపీఎస్ లైనుకి ఇప్పించండి.

మిగతావి గబగబా. బరువు: ఒంటరి పాడ్ మూడు, నాలుగు వందల కిలోలు ఉండొచ్చు, నలుగురిది దాదాపు రెట్టింపు. పాత బిల్డింగయితే, ముఖ్యంగా రెండు మూడు పక్కపక్కన పెట్టాలంటే, స్ట్రక్చరల్ ఇంజినీరుని అడగండి. ఫైర్: పాడ్‌కి కప్పు ఉంటుంది కాబట్టి సీలింగు స్ప్రింక్లరు నీళ్లు లోపలికి పడవు, పొగ పసిగట్టే యంత్రానికీ లోపలిది వెంటనే తెలియదు. బిల్డింగు ఫైర్ వాళ్లకి చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని పెట్టండి. గడప: మా ఆఫీసులో చక్రాల కుర్చీలో వచ్చే ఒకతను ఉన్నాడు, మొదటి పాడ్‌లకి నాలుగంగుళాల మెట్టు ఉంది. అతనికి ఆ పాడ్‌లు లేనట్టే. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక్కటైనా నేలమట్టంగా, వెడల్పు తలుపుతో తీసుకోవడం మర్యాద. గాజు: పూర్తిగా మూసిన పెట్టె వద్దు, లోపల ఎవరున్నారో కనపడాలి. కానీ తెర హాలు వైపు కనపడేలా కుర్చీ వేయకండి. తలుపుకి లోపల గొళ్లెం వద్దే వద్దు.

ఈ పాడ్‌ల పుట్టుక గురించి ఒక కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. ఫిన్లాండ్‌లో ఫ్రేమరీ అనే కంపెనీ ఉంది, 2010లో మొదలైంది. వాళ్లే చెప్పుకునేదేమిటంటే, ఇద్దరు ఉద్యోగులు ఓపెన్ హాల్లో తమ బాసు ఫోన్లో అరుస్తుంటే పని చేయలేక, "కాస్త ఇంకెక్కడైనా మాట్లాడండి సార్" అన్నారట. ఆయన "అయితే నాకో ఫోన్ బూతు కొనిపెట్టండి" అన్నాడట. అలా తామే తయారు చేయడం మొదలుపెట్టారు. నాకీ కథలో నచ్చేది, గోల చేసేది బాసు అని ఒప్పుకోవడం. మన ఆఫీసుల్లో గోల చేసేది ఎప్పుడూ కింది ఉద్యోగే!

జయనగర్ అక్క హెడ్‌ఫోన్ల మాట కొట్టిపారేయను. కానీ అవి ఫ్యాను హోరు, ఏసీ హోరు లాంటి ఒకే తీరు శబ్దాన్ని బాగా తగ్గిస్తాయి, మనిషి మాటని అంతగా కాదు. పైగా అవి వినేవాడి బాధ తీరుస్తాయి, మాట్లాడేవాడి గుట్టు దాచవు. మా మదనపల్లి అమ్మాయికి హెడ్‌ఫోను కొనిస్తే ఏం లాభం? చుట్టూ ఉన్న ఆరుగురికీ పెట్టాలి, అప్పుడు కూడా వాళ్లు పెట్టుకున్నారో లేదో ఆమె చూసుకుంటూ మాట్లాడాలి.

టైపు మిషన్ల పెద్దాయనకి కూడా జవాబు చెప్పాలి. సార్, టైపు మిషను చప్పుడులో అర్థం ఉండదు. అర్థం లేని చప్పుడుని మనసు పక్కన పెట్టేస్తుంది. అర్థమయ్యే మాట అలా కాదు, వద్దనుకున్నా చెవి పట్టుకుంటుంది, రాస్తున్న వాక్యం మధ్యలో ఆగిపోతుంది. మీరు వందమంది టైపిస్టుల మధ్య పని చేశారు, నిజమే. వందమంది ఫోన్ల మధ్య చేయలేదు.

గోడలు తీసేస్తే జనం కలిసి మాట్లాడుకుంటారని ఓనర్లు అనుకుంటారు కదా. 2018లో బెర్న్‌స్టైన్, టర్బన్ అనే ఇద్దరు అమెరికాలో రెండు పెద్ద కంపెనీల్లో గోడలు తీయకముందు, తీసిన తర్వాత కొలిచి చూశారు. ముఖాముఖి మాటలు పెరగలేదు, దాదాపు 70 శాతం తగ్గాయి. ఈమెయిళ్లూ మెసేజీలూ పెరిగాయి. అందరికీ వినపడుతుందంటే మనిషి నోరు మూసుకుంటాడు, అంతేగా.

అయితే హాలు పాడుగా ఉంటే పాడ్ దాన్ని బాగు చేయదు. మన సంఘం హాలే చూడండి. కింద గ్రానైటు, చుట్టూ నున్నటి గోడలు, పైన ఉత్త స్లాబు. ఉగాది పంచాంగ శ్రవణంలో పంతులుగారు మైకులో చదువుతుంటే ఎవరి ఆదాయం ఎంతో, ఎవరి వ్యయం ఎంతో ఏటా మనకెవరికీ తెలియదు. మైకు మార్చాం, స్పీకర్లు మార్చాం, పంతుల్ని కూడా మార్చాం. మోగేది హాలు. ఆఫీసులూ అంతే. ఫాల్స్ సీలింగు తీసేసి గొట్టాలు కనపడేలా పెట్టడం ఇప్పుడు ఫ్యాషను, నేలకి టైల్సు, చుట్టూ గాజు. ఒక మూల దగ్గితే ఇంకో మూల ఉలిక్కిపడతారు. కాబట్టి తమ్ముడూ, నీ బడ్జెట్ రెండు పాడ్‌లదయితే ఒకటి తగ్గించుకుని ఆ డబ్బుతో పైన శబ్దం పీల్చే పలకలు వేయించు, నేల మీద తివాచీ పలకలు పరిపించు. ఇక్కడ మాత్రం ఎన్ఆర్‌సీ 0.9కి అర్థం ఉంది. మాట్లాడేవాళ్లు పాడ్‌లోకి వెళ్లాలి, పని చేసేవాళ్లు హాల్లో ఉండగలగాలి. కొన్ని చోట్ల తిరగబడింది: ఏకాగ్రత కావాలనుకున్న వాడు పెట్టెలో దాక్కుంటాడు, ఫోన్లు మాట్లాడేవాళ్లు హాలంతా ఏలుతుంటారు.

పాడ్ వచ్చాక ఇంకో తంటా, దాన్ని ఎవరు ఆక్రమిస్తారన్నది. మా దగ్గర ఒక మేనేజరు పొద్దున్నే వచ్చి బ్యాగు లోపల పెట్టేవాడు, సాయంత్రం తీసేవాడు. మధ్యలో ఎవరైనా తలుపు తట్టితే చెయ్యి చూపించేవాడు. లక్షలు పెట్టి ఆయనకో క్యాబిన్ కట్టించినట్టయింది. చివరికి అరగంట దాటితే దీపం ఆరిపోయేలా పెట్టించాం, ఆ పని ఆయనకి మాటల్లో చెప్పే ధైర్యం ఎవరికీ లేక. బుకింగ్ యాపులు కూడా పెట్టొద్దంటాను. ఆస్పత్రి నుంచి ఫోను బుక్ చేసుకుని రాదు. ఒక్క పాడ్ అయినా బుకింగ్ లేకుండా, ఎవరికి అవసరమొస్తే వాళ్లు దూరేలా ఉండాలి.

ఇక రెండోసారి ఎలా కొన్నామో చెబుతాను. ఈసారి బ్రోచర్లు ముట్టుకోలేదు. రిపోర్టు చూపించిన రెండు కంపెనీలనీ డెమో పీసు తెచ్చి మా హాల్లోనే రెండు వారాలు పెట్టమన్నాం. ఒకరు కుదరదన్నారు, వాళ్లతో పని లేకపోయింది. రెండో వాళ్లది వచ్చాక ఆ అమ్మాయిని అడిగాను, "అమ్మా, పరీక్ష నువ్వు చేస్తావా?" అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత సరే అంది, ఒక షరతు మీద, బయట వినేవాళ్లలో తెలుగు వచ్చినవాళ్లే ఉండాలని. పద్ధతి ఆమే చెప్పింది. ఆమె లోపల తెలుగు పేపరు చదువుతుంది, ఫోన్లో మాట్లాడే గొంతుతోనే. బయట నలుగురం, నాలుగు పక్కలా, చేతిలో కాగితం. దొరికిన ప్రతి పదం రాయాలి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఏసీ ఆపాక ఇంకోసారి. బళ్లారి కుర్రాడు కూడా వచ్చాడు, తనే అడిగి మరీ.

మొదటి రోజు తలుపు మడతబందుల వైపు నిలబడ్డ నాకు మూడు పదాలు దొరికాయి, అందులో ఒకటి ఊరి పేరు. కంపెనీ మనిషి వచ్చి చూస్తే మా నేల అర అంగుళం వాలుగా ఉంది, తలుపు కింద ఒక మూల పట్టట్లేదు. పాడ్ కాళ్లు తిప్పి సమం చేశాడు. ఎంత మంచి పాడ్ అయినా నేల సమంగా లేకపోతే అంతే, ఇది ఏ రిపోర్టులోనూ ఉండదు. బిగించాక స్పిరిట్ లెవెల్ పెట్టి చూడమని అడగండి.

మర్నాడు సాయంత్రం మళ్లీ. ఏసీ ఆపేశాం. హాల్లో మేం తప్ప ఎవరూ లేరు. ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కాసేపు పేపరు చూస్తూ చదివింది, తర్వాత పేపరు మడిచి పక్కన పెట్టేసి ఊరికే మాట్లాడింది. గాజులోంచి పెదాలు కదలడం కనపడుతోంది. దూరంగా ఎవరింట్లోనో రేడియో మోగుతున్నట్టు గొణుగు తప్ప ఏమీ వినపడలేదు. నలుగురి కాగితాలూ ఖాళీ. తలుపు తీశాక, "పేపరు పక్కన పెట్టేశావు, ఏం మాట్లాడావమ్మా?" అని అడిగాను.

"చెప్పను సార్" అంది, నవ్వుతూ.

తమ్ముడూ, శనివారం మధ్యాహ్నం నీ ఆఫీసుకి వస్తాను. పాడ్ వాళ్లని కూడా అప్పుడే రమ్మను. తెలుగు పేపరొకటి తెప్పించి పెట్టు, గట్టి గొంతున్న మనిషిని నేను తీసుకొస్తాను. జయనగర్ అక్కనే అడుగుదామనుకుంటున్నాను, కోప్పడదంటే.